పాలిమర్ ద్రావణాలను సాగదీసి కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కాలేజీ ల్యాబుల్లో ప్రాజెక్టులు చేసేవాళ్లు, చీమకుర్తి వైపు గ్రానైట్ బురదనీళ్లు తేర్చేవాళ్లు, పొలాల్లో మందు పిచికారీ చేసేవాళ్లు, వీళ్లందరి చేతుల్లోనూ పాలిమర్ ద్రావణాలు ఉంటాయి. ద్రవాలు ఎలా ప్రవహిస్తాయో, సాగుతాయో కొలిచే ఖరీదైన రియోమీటర్ అందుబాటులో లేకపోయినా సూది, గాజు పలక, ఫోన్ కెమెరాతో చేయగలిగిన పద్ధతికి ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం.

విస్కోమీటర్ ఉంది కదా, మళ్లీ సాగదీసి కొలవడం దేనికి?

విస్కోమీటర్ స్పిండిల్ తిరిగేటప్పుడు ద్రవం పొరలు ఒకదానిమీద ఒకటి జారుతాయి. ఆ జారుడులో పాలిమర్ గొలుసు కొద్దిగా సాగి, దొర్లి, మళ్లీ ఉండ చుట్టుకుంటుంది. అందుకే పలుచని ద్రావణం స్నిగ్ధత (చిక్కదనం) నీటికంటే పెద్దగా ఎక్కువ కనిపించదు. సాగుడులో అలా దొర్లి తప్పించుకునే వీలు లేదు. ప్రవాహం గొలుసు రెండు కొసల్నీ చెరోవైపుకూ లాగుతూనే ఉంటుంది. లాగే వేగం గొలుసు సడలే వేగాన్ని దాటిందంటే ఉండ విచ్చుకుని నిలువునా సాగిపోతుంది. ఈ సంగతిని 1974లో భౌతిక శాస్త్రవేత్త డి జెన్ సిద్ధాంతంగా చెప్పారు. 1997లో స్టీవెన్ చూ బృందం డీఎన్ఏ అణువుల మీద సూక్ష్మదర్శినిలో నేరుగా చూసింది.

గ్లిజరిన్ లాంటి సాదా ద్రవాలకు సాగుడు స్నిగ్ధత మామూలు స్నిగ్ధతకు 3 రెట్లని ట్రౌటన్ 1906లోనే చూపించారు. ఈ రెండింటి నిష్పత్తిని ట్రౌటన్ నిష్పత్తి అంటాం. పాలీఇథిలీన్ ఆక్సైడ్ (ఇకమీదట పీఈఓ) లాంటి మెత్తని, పొడవాటి గొలుసుల ద్రావణాల్లో అది వేలల్లోకి వెళ్తుంది. గ్జాంథాన్ గమ్ సంగతి దీనికి భిన్నం. దాని గొలుసు బిరుసు, ముందే చాచుకుని ఉంటుంది కాబట్టి కొత్తగా సాగడానికి మిగిలింది తక్కువ. విస్కోమీటర్లో ఒకే అంకె చూపించేలా ఈ రెండు ద్రావణాలూ తయారుచేసి సూదిలోంచి వదిలి చూడండి. గ్జాంథాన్ చుక్క త్వరగా తెగుతుంది. పీఈఓ చుక్క వెనక సన్నని తీగ వేలాడుతుంది. ఆ తేడా విస్కోమీటర్ అంకెలో ఎక్కడా ఉండదు.

తీగ సాగిందంటే అందులో పాలిమర్ ఉన్నట్టేనా?

కాదు. బెల్లం పాకం కూడా తీగ సాగుతుంది, కానీ అక్కడ తీగను నిలబెట్టేది చిక్కదనం. చిక్కదనం ఒక్కటే ఉన్న తీగ వ్యాసం కాలంతో పాటు సమంగా తగ్గుతుంది, గ్రాఫ్ సరళరేఖలో దిగి సున్నాకు చేరుతుంది. పాలిమర్ తీగలో గొలుసుల స్థితిస్థాపకత తలతన్యతకు ఎదురు నిలుస్తుంది. దాంతో ప్రతి సమాన వ్యవధిలోనూ వ్యాసం అదే నిష్పత్తిలో తగ్గుతుంది, అంటే ఘాతీయంగా. పైనుంచి కిందిదాకా ఒకే మందం ఉన్న తీగ, లాగరిథం గ్రాఫులో సరళరేఖ, ఈ రెండూ కలిసి కనిపిస్తేనే పాలిమర్ పని చేస్తోందని చెప్పండి.

ఏయే పద్ధతులున్నాయి? ఏది ఎంచుకోవాలి?

మొదటిది ఫిలమెంట్ స్ట్రెచింగ్ రియోమీటర్. రెండు పలకల మధ్య నమూనాను ఉంచి, పలకల్ని ఘాతీయ వేగంతో దూరం జరుపుతూ బలాన్ని కొలుస్తారు. 1990ల మొదట్లో మొనాష్ విశ్వవిద్యాలయంలో శ్రీధర్, తీర్తాత్మజ దీన్ని బాగా పదును పెట్టారు. సాగుడు వేగం మన చేతిలో ఉండేది ఈ పద్ధతిలోనే, కానీ చిక్కని ద్రావణాలకే కుదురుతుంది.

రెండోది కేబర్ (కేపిలరీ బ్రేకప్ ఎక్స్‌టెన్షనల్ రియోమీటర్). సుమారు 6 మి.మీ. పలకల్ని 50 మిల్లీసెకన్లలో దూరం లాగి ఆపేస్తారు. ఆ తర్వాత తీగ తనంతట తాను సన్నబడుతుంటే లేజర్ దాని వ్యాసం చదువుతుంది. నీళ్లలా పలుచని ద్రావణాలు ఆ లాగుడు కుదుపుకే ఊగి, కొలత మొదలయ్యేలోపే తెగిపోతాయి.

మూడోది చుక్కను పలక మీద తాకించడం, ఇంగ్లీషులో డ్రిప్పింగ్ ఆంటు సబ్‌స్ట్రేట్, పొడి అక్షరాల్లో డీఓఎస్. సూది చివర వేలాడే చుక్క కింద ఉన్న గాజును నెమ్మదిగా తాకి పరుచుకుంటుంది. సూదికీ గాజుకీ మధ్య ఏర్పడిన మెడ దానంతటదే సన్నబడుతుంది. లాగే మోటారు లేదు, కుదుపు లేదు. పలుచని నీటి ద్రావణాలకు మా సలహా ఇదే.

పాత పరికరాల అంకెల్ని కలిపి పోల్చేటప్పుడు జాగ్రత్త పడండి. 1990 ప్రాంతంలో ఎం1 అనే ఒకే ద్రవాన్ని రకరకాల పరికరాల్లో కొలిస్తే సాగుడు స్నిగ్ధతలు ఎన్నో రెట్ల తేడాతో వచ్చాయి. సాగుడు స్నిగ్ధత ఒక్క అంకె కాదు. ఎంత వేగంతో లాగారు, అప్పటికే ఎంత సాగింది అన్నదాన్ని బట్టి మారుతుంది.

డీఓఎస్ అమరికకు ఏమేం కావాలి?

18 గేజ్ సూది (బయటి వ్యాసం 1.27 మి.మీ.), 1 మి.లీ. సిరంజి, సిరంజి పంపు, గాజు స్లైడు, పైకీ కిందికీ కదిలే చిన్న బల్ల, తెల్ల ఎల్ఈడీ పలక, దాని ముందు పాలరంగు ప్లాస్టిక్ షీటు, మాక్రో లెన్సు తగిలించిన ఫోన్, ఫోన్‌ను కదలకుండా పట్టే స్టాండు.

ఇంజెక్షన్ సూది మొన వాలుగా ఉంటుంది. దాన్ని సన్నని సానరాయి మీద అడ్డంగా అరగదీసి చదును చేయాలి, అరగదీసినప్పుడు రంధ్రం లోపలి అంచున మిగిలే లోహపు గరుకును తీసేయాలి. వాలు మొనతో చుక్క పక్కకు ఒరిగి వేలాడుతుంది, తీగ ఏటవాలుగా వస్తుంది. సిరంజి పంపుకు ఆసుపత్రుల్లో వాడేదైనా సరిపోతుంది. నిమిషానికి 0.02 మి.లీ. కావాలి, గంటల లెక్కలో అది 1.2 మి.లీ. ఎల్ఈడీని బ్యాటరీ మీదో, మంచి డీసీ సప్లై మీదో నడపండి. కరెంటు మీద నేరుగా నడిచే చౌక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. స్లో మోషన్లో ఒక ఫ్రేము వెలుగు, ఒక ఫ్రేము చీకటి వస్తే అంచు గుర్తించడం పాడవుతుంది.

ద్రావణం ఎలా కలపాలి?

సగం తప్పులు ఇక్కడే పుడతాయి, కాబట్టి తొందరపడొద్దు. 40 లక్షల అణుభారం ఉన్న పీఈఓతో 0.1% ద్రావణం 200 గ్రాములు చేయాలనుకుందాం. పొడి 0.200 గ్రాములు, నీళ్లు 199.8 గ్రాములు. రెండింటినీ తూకమే వేయండి, కొలజాడీ వద్దు.

నీళ్లను పెద్ద బీకరులో తిప్పుతూ, సుడి ఏర్పడిన చోట పొడిని చిటికెడు చిటికెడుగా చల్లండి. ఒక్కసారి గుమ్మరిస్తే పైపొర జిగురై లోపల పొడి పొడిగానే మిగిలిపోతుంది. ఆ ఉండలు రోజుల తరబడి కరగవు. పొడి అంతా తడిసిన వెంటనే తిప్పుడు వేగం బాగా తగ్గించండి. సీసాను రోలర్ మీద మెల్లగా దొర్లిస్తే ఇంకా మంచిది. కనీసం 24 గంటలు, చిక్కని ద్రావణానికి 48 గంటలు పడుతుంది. మాగ్నెటిక్ స్టిర్రర్‌ను రాత్రంతా వేగంగా తిరగనిస్తే గొలుసులు నడిమికి తెగుతాయి. చూపుకు ద్రావణం అలాగే ఉంటుంది, సడలింపు కాలం (సాగిన గొలుసు మళ్లీ ఉండ చుట్టుకోవడానికి పట్టే సమయం) మాత్రం పడిపోతుంది. మిక్సీ జోలికి అసలు పోవద్దు.

సిరంజిలోకి తీసుకునేటప్పుడు సూది తగిలించకుండా, సిరంజి మూతిని ద్రావణంలో ముంచి పిస్టన్‌ను మెల్లగా వెనక్కి లాగండి. సన్నని సూదిలోంచి గట్టిగా లాగినా, నొక్కినా గొలుసులు తెగుతాయి. పీఈఓ వెలుతురుకూ వేడికీ ఆక్సీకరణ చెందుతుంది. గోధుమరంగు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడండి, కొలిచే ముందు గది ఉష్ణోగ్రతకు రానివ్వండి.

ఎంత గాఢత తీసుకోవాలి?

గొలుసుల ఉండలు ఒకదాన్నొకటి తాకడం మొదలయ్యే గాఢతను ముందు తెలుసుకోండి. నీటిలో పీఈఓకు అంతర్గత స్నిగ్ధత సుమారు 0.072 ఇంటు అణుభారం 0.65వ ఘాతం (గ్రాముకు ఘన సెంటీమీటర్లలో). 0.77ను ఆ విలువతో భాగిస్తే ఆ గాఢత వస్తుంది. 10 లక్షల అణుభారానికి సుమారు 0.13%, 40 లక్షలకు సుమారు 0.055%. దీనికి దిగువనా ఎగువనా కలిపి అయిదారు గాఢతలు కొలవండి. దిగువన ఉన్నా సాగుడులో కొలిచిన సడలింపు కాలం గాఢతతో మారుతూనే ఉంటుంది. అది తప్పు కొలత కాదు. గొలుసులు విచ్చుకున్నాక ఒకదాని పరిధిలోకి ఒకటి వస్తాయి.

బోరు నీళ్లు వాడొచ్చా?

అది ప్రశ్నను బట్టి ఉంటుంది. పాలిమర్ గుణం తెలుసుకోవాలంటే డిస్టిల్డ్ నీళ్లే. తీరం వెంబడి బోర్లలో ఉప్పు ఎక్కువ. పీఈఓకు విద్యుదావేశం లేదు కాబట్టి అది కొంతవరకు తట్టుకుంటుంది. బురద తేర్చడానికి వాడే ఆనయానిక్ పాలీఅక్రిలమైడ్ అలా కాదు. గొలుసు వెంట ఉన్న రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకోవడం వల్లే అది చాచుకుని ఉంటుంది. ఉప్పు ఆ ఆవేశాల్ని కప్పేస్తే గొలుసు ముడుచుకుంటుంది, కాల్షియం ఇంకా ఎక్కువ ముడుస్తుంది. ఇనుము ఉన్న నీళ్లలో గాలి కూడా తగిలితే గొలుసే తెగుతుంది. మీ యూనిట్లో పాలిమర్ ఎలా పని చేస్తుందో తెలియాలంటే మాత్రం ఆ యూనిట్ నీళ్లతోనే కలిపి కొలవాలి. డిస్టిల్డ్ నీళ్లలో వచ్చిన అంకె అక్కడ అక్కరకు రాదు.

కొలత వరుసగా ఎలా చేయాలి?

స్లైడును సబ్బుతో కడిగి, డిస్టిల్డ్ నీళ్లతో, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తొలిచి ఆరబెట్టండి. ప్రతి చుక్కకూ కొత్త చోటు వాడండి. సూది మొనకూ గాజుకూ మధ్య దూరం సూది వ్యాసానికి 3 రెట్లు, అంటే 3.8 మి.మీ. దగ్గర పెట్టండి. దూరం మరీ ఎక్కువైతే చుక్క తాకకముందే బరువుకు ఊడి పడుతుంది. తక్కువైతే మెడ పొట్టిగా ఉండి తీగ ఏర్పడదు.

ఫోన్లో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. షట్టర్ సమయం సెకనులో 4,000వ వంతు దగ్గర ఉంచండి. పంపు నడపండి. చుక్క గాజును తాకబోతుండగా రికార్డింగ్ మొదలుపెట్టి, తాకిన క్షణంలో పంపు ఆపండి. ఆపకపోతే పైనుంచి వచ్చే ద్రవం తీగను మేపుతూ ఉంటుంది. ఫ్యాను ఆపండి, బల్లను ఎవరూ తాకకూడదు. ఒక్కో ద్రావణానికి అయిదు తీగలైనా చిత్రీకరించండి. సూది బయటి గోడ మీదికి ద్రవం ఎగబాకితే ఆ చుక్కను వదిలేసి, సూదిని తుడిచి మళ్లీ మొదలుపెట్టండి.

ఫోన్ కెమెరా నిజంగా చాలుతుందా?

సడలింపు కాలం 20 మిల్లీసెకన్లకు పైన ఉంటే చాలుతుంది. లెక్క ఇలా చూడండి. తీగ 500 మైక్రాన్ల నుంచి 20 మైక్రాన్లకు తగ్గడానికి సడలింపు కాలానికి దాదాపు 10 రెట్లు పడుతుంది. సడలింపు కాలం 30 మిల్లీసెకన్లయితే సెకనుకు 240 ఫ్రేములతో సుమారు 70 ఫ్రేములు దొరుకుతాయి. గీత గీయడానికి అవి పుష్కలం. 5 మిల్లీసెకన్లయితే దొరికేవి 12 ఫ్రేములే. దాని మీద నమ్మకంగా ఏమీ చెప్పలేం, హైస్పీడ్ కెమెరా కావాల్సిందే. 960 ఫ్రేములని రాసి ఉన్న ఫోన్లలో కొన్ని మధ్య ఫ్రేముల్ని సాఫ్ట్‌వేర్‌తో కల్పిస్తాయి. అవి కొలతలు కావు.

ఫోన్ చెప్పే ఫ్రేము రేటును కూడా పరీక్షించుకోండి. మైక్రోకంట్రోలర్‌తో సెకనుకు 10 సార్లు వెలిగే ఎల్ఈడీని అదే సెట్టింగులో చిత్రీకరించి, ఒక వెలుగు నుంచి మరో వెలుగుకు ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టండి. పొడవుకు కొలబద్ద సూదే. 1.27 మి.మీ. సూది చిత్రంలో 254 పిక్సెళ్లుంటే ఒక పిక్సెల్ 5 మైక్రాన్లు. అలాంటప్పుడు 4 పిక్సెళ్లకంటే సన్నని తీగ వ్యాసాన్ని లెక్కలోకి తీసుకోకండి.

సడలింపు కాలం లెక్క ఎలా కట్టాలి?

ఇమేజ్‌జే లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రతి ఫ్రేములో తీగ నడిమి వ్యాసం తీయండి. వ్యాసం సహజ లాగరిథాన్ని కాలంతో గీయండి. సరళరేఖగా ఉన్న భాగం వాలును 3తో గుణించి, 1ని దానితో భాగిస్తే సడలింపు కాలం.

వ్యాసం 200 మైక్రాన్ల నుంచి 50 మైక్రాన్లకు 125 మిల్లీసెకన్లలో తగ్గిందనుకోండి. 4 సహజ లాగరిథం 1.386, దాన్ని 0.125తో భాగిస్తే వాలు సెకనుకు 11.1. సడలింపు కాలం 30 మిల్లీసెకన్లు. ఆ భాగంలో సాగుడు వేగం వాలుకు రెట్టింపు, సెకనుకు 22.2. దీన్ని మనం ఎంచుకోలేం, తీగే ఎంచుకుంటుంది.

ఆ క్షణపు సాగుడు స్నిగ్ధత కావాలంటే తలతన్యతను వ్యాసం తగ్గే వేగంతో భాగించండి. పీఈఓ ద్రావణానికి తలతన్యత మీటరుకు సుమారు 0.062 న్యూటన్లు, నీటి 0.072 కాదు. 100 మైక్రాన్ల దగ్గర వ్యాసం తగ్గే వేగం సెకనుకు 1.11 మి.మీ. కాబట్టి సాగుడు స్నిగ్ధత సుమారు 56 పాస్కల్-సెకన్లు. ఆ ద్రావణం మామూలు స్నిగ్ధత 3 మిల్లీపాస్కల్-సెకన్లయితే ట్రౌటన్ నిష్పత్తి 18,000 దాటింది.

గ్రాఫ్ సరళరేఖగా రావడం లేదు. ఎక్కడ తప్పు?

మొత్తం గ్రాఫు మీద గీత గీస్తున్నారేమో ముందు చూడండి. మొదట్లో మెడ జడత్వం వల్లో, చిక్కదనం వల్లో సన్నబడుతుంది, అక్కడ పాలిమర్ ఇంకా మేలుకోలేదు. చివర్లో గొలుసులు పూర్తిగా సాగి ఇక సాగలేకపోతే తీగ మళ్లీ త్వరగా తెగుతుంది. నడిమి భాగమే మీది. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రాసిపెట్టండి.

నడిమి భాగమే కనిపించకపోతే గాఢత మరీ తక్కువై ఉండొచ్చు, లేదా గొలుసులు తెగి ఉండొచ్చు. తాజాగా మెల్లగా కలిపిన ద్రావణంతో పోల్చండి. తీగ మీద ముత్యాల్లా చిన్న చుక్కలు వరసగా వస్తే అక్కడినుంచి వ్యాసం చదవడం ఆపేయండి, ఒకే మందమన్న ఊహ అక్కడితో చెల్లింది. ఒకే ద్రావణపు అయిదు తీగలూ అయిదు రకాలుగా ఉంటే దాదాపు ఎప్పుడూ కారణం కరగని ఉండలే.

మన ఎండలు, ఉక్కపోత కొలతను పాడుచేస్తాయా?

చేస్తాయి. నీటి స్నిగ్ధత 25 డిగ్రీల దగ్గర 0.89 మిల్లీపాస్కల్-సెకన్లు, 35 దగ్గర 0.72. గొలుసు సడలే కాలం ద్రావణి స్నిగ్ధతతో పాటే తగ్గుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం కొలిచినదాన్ని డిసెంబరు ఉదయపు కొలతతో పోల్చితే అయిదో వంతుకు పైగా తేడా వాతావరణం వల్లే వస్తుంది. సూది పక్కన థర్మామీటర్ పెట్టి ప్రతి వీడియోకూ ఉష్ణోగ్రత రాయండి.

వేసవిలో వీచే పొడి పడమటి గాలికి, సెకను కంటే ఎక్కువసేపు నిలిచే సన్నని తీగ ఆరిపోయి గాఢత పెరుగుతుంది. అప్పుడు గ్రాఫ్ తోక పైకి వంగుతుంది. తీగ చుట్టూ పారదర్శకమైన డబ్బా బోర్లించి లోపల తడి దూది ఉంచితే సరిపోతుంది.

అమరిక సరిగ్గా ఉందని ఎలా తేల్చుకోవాలి?

గ్లిజరిన్‌తో. వ్యాసం తగ్గే వేగం 0.142 ఇంటు తలతన్యత బై స్నిగ్ధతకు దగ్గరగా, సరళరేఖలో రావాలి. 25 డిగ్రీల దగ్గర తలతన్యత 0.063, స్నిగ్ధత సుమారు 0.95 తీసుకుంటే సెకనుకు దాదాపు 9.4 మి.మీ. సీసా అప్పుడే తెరిచిందై ఉండాలి. ఈశాన్య రుతుపవనాల తేమలో మూత తీసి ఉంచిన గ్లిజరిన్ గాలిలోని నీటిని లాక్కుంటుంది. 5% నీళ్లు చేరితేనే స్నిగ్ధత సగానికంటే కిందికి పోతుంది, తప్పు కెమెరాదేమో అని వెతుకుతూ కూర్చుంటారు.

గ్రానైట్ బురద తేర్చే పాలిమర్‌కు దీంతో ఏం ఉపయోగం?

పాలీఅక్రిలమైడ్ పొడవాటి గొలుసు రెండు మూడు రేణువుల్ని ఒకేసారి పట్టుకుని గుచ్ఛంగా కడుతుంది. గొలుసు పొట్టిదైతే ఆ పట్టు పోతుంది. సెంట్రిఫ్యూగల్ పంపుతో పాలిమర్‌ను తోడినా, వేగంగా తిరిగే రెక్కతో కలిపినా గొలుసులు తెగుతాయి.

విస్కోమీటర్ దీన్ని ఆలస్యంగా పసిగడుతుంది. పీఈఓ లెక్కనే తీసుకుంటే, అణుభారం సగమైతే పలుచని ద్రావణంలో పాలిమర్ వల్ల పెరిగిన స్నిగ్ధత 64 శాతానికి తగ్గుతుంది, సడలింపు కాలం మాత్రం 32 శాతానికి పడిపోతుంది. ఆవేశం ఉన్న పాలీఅక్రిలమైడ్‌కు అంకెలు వేరు, దిశ అదే. కలిపే ట్యాంకు నుంచి ఒక నమూనా, పంపు దాటాక మరో నమూనా తీసి, ఒకే గాఢతకు తెచ్చి తీగలు పోల్చండి. రెండోది ముందే తెగుతుంటే మందు మోతాదు పెంచడం కాదు, పంపు మార్చడం అవసరం. మెల్లగా తోసే స్క్రూ పంపో, పెరిస్టాల్టిక్ పంపో పెట్టండి.

పిచికారీలో?

నాజిల్ నుంచి వచ్చే పలుచని పొర తెగి చుక్కలవుతుంది. కొద్దిగా పాలిమర్ ఉంటే గాలికి కొట్టుకుపోయే మరీ సన్నని తుంపర తగ్గుతుంది. ఎక్కువైతే పొర విచ్చుకోక దారలా పడుతుంది. పవర్ స్ప్రేయర్లో మిగిలిన ద్రావణం బైపాస్ గుండా ట్యాంకుకు తిరిగొస్తూ పంపులో పదేపదే నలుగుతుంది. మొదటి మడిలో కనిపించిన ఫలితం చివరి మడిలో ఉండకపోవడానికి ఇదో కారణం. గోరుచిక్కుడు గమ్ పీఈఓ కంటే ఈ నలుగుడుకు బాగా ఓర్చుకుంటుంది. ట్యాంకు నుంచి మొదట్లో, నడుమ, చివర్లో నమూనాలు తీసి కొలిస్తే ఎంత చెడిందో తెలుస్తుంది. పురుగుమందు కలిపిన నమూనాను ల్యాబుకు తీసుకురావద్దు, అదే పంపులో పాలిమర్ నీళ్లు మాత్రమే తిప్పి తీసుకోండి.

బెండకాయ జిగురుతో ప్రాక్టికల్ చేయించొచ్చా?

చేయించొచ్చు, తీగ చక్కగా వస్తుంది. ముక్కల్ని నీళ్లలో నానబెట్టి మెత్తని గుడ్డలో వడకట్టండి, పిండొద్దు. అదే రోజు కొలవండి. కాయ ముదురును బట్టి అంకె మారుతుంది కాబట్టి పద్ధతి నేర్పడానికే వాడండి.

కింద ఒలికితే?

పీఈఓ అయినా పాలీఅక్రిలమైడ్ అయినా ఒలికిన చోట నీళ్లు పోయకండి, నేల మరింత జారుతుంది, మనుషులు పడి ఎముకలు విరుగుతాయి. రంపపు పొట్టో, పొడి ఇసుకో చల్లి పీల్చనిచ్చి, చీపురుతో ఎత్తి, ఆ తర్వాత ఉప్పునీళ్లతో తుడవండి. పొడి ఒలికితే తడి తగలకముందే పొడిగానే ఊడ్చేయండి. పాలీఅక్రిలమైడ్ పొడి తూచేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. అందులో కొద్దిగా మిగిలి ఉండే అక్రిలమైడ్ నరాలకు హాని చేస్తుంది.